వంచేసే జబ్బు

“...నీళ్ళు తెమ్మని పక్కింటామెను అడగమంటావేంటి, ఆమే మంచం దిగట్లేదు” అంది సోమోయె.

“అయితే మగాణ్ణి, నన్ను కుండ ఎత్తుకుని లోయలోకి దిగమంటావా? ఊరు నవ్వదూ?” అన్నాడు ఆమె మొగుడు లికోండే, చెక్కుతున్న కొయ్యబొమ్మ మీంచి తల ఎత్తకుండా.

“నవ్వడానికి ఊళ్ళో నిలబడ్డవాళ్ళేరీ?”

ఆ మాట నిజమే. ఆ ఏడు మా నెవాలా మెట్టమీద జ్వరం దూరని ఇల్లు లేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయేది. కీళ్ళనొప్పులు మాత్రం ఉండిపోయేవి.

సోమోయె ఎనిమిదో ఏట నుంచీ నీళ్ళకోసం లోయకు దిగుతోంది. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. నెత్తిమీద నిండుకుండతో కొండ ఎక్కినా చుక్క తొణికేది కాదు. నలభై ఏళ్ళలో ఆమె నడుము వంగగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు గడప దాటాలన్నా మోకాళ్ళమీద చేతులు ఆనించుకుంటోంది.

ఆ మధ్యాహ్నం కోస్తా పట్నం నుంచి ఆరోగ్యశాఖ ఉద్యోగి మజీద్ నోటుబుక్కుతో వచ్చాడు.

“ఈ జబ్బును మీరేమంటారమ్మా?”

“చికున్‌గున్యా.”

“అంటే?”

“మా మాటలో, మనిషిని వంచేసేది అని. నన్ను చూస్తే తెలియట్లేదూ?”

మజీద్ శ్రద్ధగా రాసుకున్నాడు.

“పేరు చెప్పాను కదా, మందిస్తావా?”

“మందు లేదమ్మా. మా డాక్టరుగారి దగ్గర ఇన్నాళ్ళూ ఈ జబ్బుకు పేరే లేదు.”

తర్వాత అతను మూల ఉన్న పెద్ద కుండలోకి తొంగిచూశాడు. నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

“ఇవే దోమలవుతాయి. జబ్బు దోమల వల్లేనని డాక్టరుగారి అనుమానం. ఈ నీళ్ళు పారబొయ్యాలి.”

“పురుగు ఆడుతోందంటే నీళ్ళు మంచివని. విషమైతే పురుగు బతుకుతుందా? మా అమ్మ పురుగును చూసే నీళ్ళు నమ్మేది. గుడ్డతో వడకట్టుకుని తాగుతాం. ఇవి పోస్తే ఇంట్లో చుక్క ఉండదు నాయనా. మళ్ళీ దిగే ఓపిక నాకు లేదు.”

మజీద్ నోటుబుక్కు తిరగేశాడు. వారానికోసారి కుండలు బోర్లించాలని అందులో ఉంది. మళ్ళీ ఎవరు నింపాలో లేదు.

“సర్కారు మనిషి చెబుతున్నాడుగా, పారబొయ్యి” అన్నాడు లికోండే, బొమ్మ ముక్కు నునుపు చేస్తూ.

సోమోయె గోడ పట్టుకుని లేచింది. కుండను రెండు చేతులా వాకిట్లోకి ఒంచింది. ఎర్రమట్టి నీళ్ళను ఒక్క గుక్కలో తాగేసింది. ఖాళీ కుండను తెచ్చి మొగుడి పక్కన పెట్టింది.

“రేపు పొద్దున నీళ్ళకు ఈయన దిగుతాడు” అంది మజీద్‌తో. “అది కూడా రాసుకో.”