ఓమా చేతికి నేనివ్వని రగ్గు

ఆరు చలికాలాలుగా ఒక గుర్రపు రగ్గు బరువు మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. పైకి చూస్తే నాకే లోటూ లేదు. బెర్లిన్‌లో ఉద్యోగం, ఉద్యోగులు ఇక్కడ ఉండిపోవడానికిచ్చే బ్లూ కార్డు, బాల్కనీలో కరివేపాకు మొక్క. నవంబరు వచ్చి, పొద్దున్నే కిటికీ అద్దానికి మంచు పట్టడం మొదలైందంటే మాత్రం తిన్నది ఒంటబట్టదు. అమ్మకు చెప్పలేదు. నాతో చదివిన స్వాతికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అదొక్కటే ధైర్యం. ధైర్యమట, నా మొహం! ధైర్యమే ఉంటే ఆ రోజు పొద్దున్నే చెప్పి ఉండేదాన్ని.

అప్పుడు జర్మనీలోనే జీగెన్ అనే ఊళ్లో మాస్టర్స్ చదువుతున్నాను. గది దొరకలేదు. ఒకే గదిలో నలుగురం ఆడపిల్లలం దొంగచాటుగా రెండు నెలలు పడుకున్నాం. అన్మెల్డుంగ్ లేదు. అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఆఫీసులో రాయించుకోవడం. అడ్రస్ లేకపోతే అది జరగదు, అది లేకపోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ పొడిగించరు, పర్మిట్ లేకపోతే విమానమెక్కి కరీంనగర్ చేరాల్సిందే. అలాంటి సమయంలో యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద ఒక చీటీ కనిపించింది. గది ఇస్తాను, అద్దె వద్దు, గుర్రం పని చేయాలి అని. నేనంతవరకూ గుర్రాన్ని చూసింది పెళ్లి బరాత్‌లలోనే. అయినా ఆ సాయంత్రమే బస్సెక్కి కొండ మీద ఉన్న ఆ ఊరికి వెళ్లిపోయాను.

ఇల్లుగలావిడకు డెబ్భై ఎనిమిదేళ్లు. భర్త పోయాడు. మొదటి రోజే నన్ను ఓమా అని పిలవమంది. జర్మన్‌లో అమ్మమ్మను అలాగే పిలుస్తారు. గుర్రం పేరు మోరిట్జ్. ఎర్రమట్టి రంగు, నుదుటిన తెల్లమచ్చ, ఇరవై ఏడేళ్లు. ఓమా భర్త పిల్లప్పటి నుంచి పెంచాడట. "ఆయన చెయ్యి ఎలా ఉండేదో తెలిసినవాళ్లం ఇక మేమిద్దరమే," అనేది ఓమా.

ఓమా కూతురు బిర్గిట్ కొలోన్‌లో ఉండేది. తల్లి ఒంటరిగా కొండ మీద ఉండటం ఆమెకిష్టం లేదు. ఇల్లు అమ్మేసి హైమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, చేరమని ప్రతి ఆదివారం ఫోనులో పోరు పెట్టేది. తల్లీకూతుళ్లు చివరికొక ఒప్పందానికి వచ్చారు. గుర్రాన్ని సరిగ్గా చూసుకున్నన్నాళ్లూ ఓమా ఇంట్లోనే ఉంటుంది. మతిమరుపుతో దానికి ఏ హానైనా జరిగితే ఆ రోజే సామాను సర్దుకుంటుంది. ఈ మాట ఓమాయే కాఫీ తాగుతూ నాతో చెప్పింది. "నా బుర్ర నా కూతురి బుర్రకంటే బాగా పనిచేస్తోంది, చూస్తూ ఉండు," అని నవ్వింది కూడా. కాబట్టి ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియక చేశానని మీరు పొరబడకూడదు.

మోరిట్జ్‌కు ముసలి గుర్రాలకొచ్చే ఒక జబ్బుంది. ఎండాకాలం వచ్చినా బొచ్చు రాలదు, పెరుగుతూనే ఉంటుంది. కాస్త తిరిగితే చాలు, ఆ బొచ్చు కింద చెమట పట్టి ఆరదు. తడి ఒంటితో చలిలో నిలబడితే ఊపిరితిత్తులకు ముప్పు. అందుకని చలికాలం మొదట్లోనే బొచ్చు తీసేయమని పశువుల డాక్టరమ్మ చెప్పింది. నవంబరులో ఒక శనివారం నేను తాడు పట్టుకున్నాను, ఓమా బొచ్చు గొరిగే మిషన్ పట్టుకుంది. మెడ, ఛాతీ, పొట్ట, పక్కలు. కాళ్ల మీద బొచ్చు మాత్రం ఉంచేసింది. మిషన్ గుర్రుమంటుంటే మోరిట్జ్ కళ్లు సగం మూసుకుని, మంగలి దగ్గర కునికే తాతలా నిలబడ్డాడు. రాలిన బొచ్చు నా మోకాళ్ల దాకా పోగుపడింది. బొచ్చంతా పోయాక చూస్తే ఎంత బక్కవాడో! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఓమా చెయ్యి తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని వాడి చెవి వెనక పెట్టింది. ఇక్కడ వెచ్చగా ఉందా లేదా రోజూ చూడాలి అంది. తరవాత ఒక మాటంది. "వాడి కోటు మనమే ఊడదీశాం. ఇక వాడి చలి మన పూచీ."

రగ్గులు మూడుండేవి. పగటికి పల్చనిది, వానకొకటి, రాత్రికి దళసరి ఆకుపచ్చది. ఆకుపచ్చదానికి భుజం దగ్గర చిరుగుంటే ఓమా నీలం దారంతో కుట్టింది. సాయంత్రం వాడిని వాకిట్లో చూరు కింద కట్టేసి, తడి రగ్గు తీసి, గడ్డిచుట్టతో ఒళ్లు రుద్ది, ఆకుపచ్చది వేసి, పొట్ట కింద బెల్టులు బిగించి, లాయంలోకి తోలి తలుపు గడియ పెట్టాలి. ఇరవై నిమిషాల పని. ఎక్కువగా నేనే చేసేదాన్ని. మోకాలి నొప్పి లేని రోజున ఓమా వచ్చి నా చేతిలోంచి రగ్గు లాక్కుని తానే వేసేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు సాకుగా పనికొచ్చింది ఇదే.

డిసెంబరు మొదటి వారం. నా పర్మిట్ గడువు ముగియడానికి తొమ్మిది రోజులున్నాయి. పొడిగించుకోవాలంటే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలి. అవి ఆన్‌లైన్‌లో ఎప్పుడు తెరుచుకుంటాయో ఎవరికీ తెలియదు, తెరుచుకున్నాక రెండు నిమిషాలు కూడా ఉండవు. మూడు వారాలుగా క్లాసులో, బస్సులో, ఆఖరికి బాత్‌రూమ్‌లో కూడా ఆ పేజీయే చూస్తున్నాను. ఆ సాయంత్రం ఐదైంది, బాగా చీకటి పడింది, వానా మంచూ కలిసి ఏటవాలుగా కొడుతోంది. మోరిట్జ్‌ను చూరు కింద కట్టి తడి రగ్గు తీశాను. ఆకుపచ్చది తేవడానికి దాణా గదిలోకి వెళ్లబోతుంటే ఫోను మోగింది. నాతో చదివే స్వాతి.

"ఏడున్నవే? స్లాట్లు ఓపెన్ అయినయ్! జల్దీ లాగిన్ చెయ్యి!"

"గుర్రం కాడున్ననే. రగ్గెయ్యాలె..."

"గుర్రం యాడికి పోతది? నీ వీసా పోతది! ఉరుకు!"

ఉరికాను. మెట్లు మూడేసి ఎక్కాను. లాప్‌టాప్ తెరిచేసరికి ఒక్క స్లాట్ మిగిలింది. దొరికింది! మంచం మీద పడి ఏడ్చాను. స్వాతికి చేశాను, అమ్మకు చేశాను, కాగితాలన్నీ తీసి వరసగా పేర్చాను, పప్పు వండుకుని కడుపునిండా తిన్నాను. మూడు వారాల తరవాత ఆకలి తెలిసింది. అలాగే పడి నిద్రపోయాను.

మర్చిపోయానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని వందలసార్లు అడిగానో. ఔను, మర్చిపోయాను, కాని పూర్తిగా కాదు. పప్పు పోపు వేస్తున్నప్పుడు వాకిట్లోంచి డెక్కల చప్పుడు వినబడింది, ఎవరో రాతి నేల మీద సుత్తితో కొడుతున్నట్టు. అయ్యో రగ్గు, అనుకున్నాను. ఆ వెంటనే, ఓమా వెళ్లి ఉంటుందిలే, అనుకున్నాను. ఓమా సాయంత్రం కాగానే చెవి మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తుందని, అది తీశాక పక్కన బాంబు పడినా వినబడదని నాకు తెలియదా? తెలుసు. కిటికీ దాకా ఎన్ని అడుగులు? నాలుగు. ఆ నాలుగు అడుగులు వెయ్యలేదు, ఎందుకంటే వేస్తే కనిపిస్తుంది, కనిపిస్తే మళ్లీ బూట్లు తొడుక్కోవాలి, ఆ చలిలోకి వెళ్లాలి, వెచ్చటి గదిలో నాకు దొరికిన ఆ కాస్త సంతోషం చెడిపోతుంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణమేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. లేదు.

పొద్దున ఆరింటికి దిగాను. మోరిట్జ్ అదే చోట ఉన్నాడు. తాడు పొట్టిది, పక్కకు తిరిగే వీలు కూడా లేదు. జూలు గడ్డకట్టి ఉంది. గొరిగిన ఒంట్లో వణుకు కూడా ఆగిపోయింది, తల కిందికి వేలాడుతోంది. చెవి వెనక చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. తాడు విప్పాను, ఎలాగో లాయంలోకి నడిపించాను, ఆకుపచ్చ రగ్గు వేశాను. బెల్టులు ఇంకా పెట్టలేదు. అప్పుడు ఓమా వచ్చింది. రాత్రి గౌను మీద కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఒక్క చూపులో అంతా అర్థమైంది ఆవిడకు.

"రాత్రి రగ్గు వెయ్యలేదా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. వెయ్యలేదు ఓమా, మర్చిపోయాను. చెబితే ఏమయ్యేది? వెళ్లిపొమ్మనేదేమో. వెళ్లిపోతే అడ్రస్ పోతుంది, అడ్రస్ పోతే చేతికొచ్చిన టెర్మిన్ దేనికి? ఆ లెక్కంతా నా బుర్రలో క్షణంలో తిరిగిపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది అనాలని ఉంది. కాదు, నేనే తెరిచాను.

"నిన్న రగ్గు మీ చేతికిచ్చాను కదా ఓమా. నేను వేస్తాను, నువ్వెళ్లు అన్నారు కదా. గుర్తులేదా?"

ఓమా నా మొహంలోకి చూసింది. ముందురోజు సాయంత్రమంతా వెనక్కి తిప్పి వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. నేను చూపు తిప్పలేదు. అదెలా చెయ్యగలిగానో ఇప్పటికీ అర్థం కాదు.

"అన్నానా?"

"అన్నారు."

"అయితే అనే ఉంటాను," అంది.

డాక్టరమ్మ వచ్చింది, ఇంజెక్షన్లిచ్చింది. ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరిందంది. రెండు రోజులు ఓమా లాయంలోనే గడ్డి మీద కూర్చుంది, వాడి తల ఒళ్లో పెట్టుకుని. మూడో రోజు ఇక వాడిని బాధపెట్టొద్దని తానే చెప్పింది. ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు వాడి చెవిలో ఏదో అంది. నాకు సగమే అర్థమైంది. క్షమాపణ అడుగుతోంది. వాడిని! ఆవిడ!

ఒప్పందం సంగతి ఓమా దాచి ఉండొచ్చు. ముసలి గుర్రం, జబ్బు గుర్రం, పోయిందంటే బిర్గిట్ నమ్మేసేది. కాని ఓమా ఆ రోజే తానే ఫోను చేసి, నేను మర్చిపోయాను, వాడు పోయాడు, అని చెప్పేసింది. మెట్ల మీద కూర్చుని విన్నాను. అప్పటికైనా లేచి ఫోను అందుకోవచ్చు. టెర్మిన్‌కు ఇంకా ఐదు రోజులున్నాయి. అది అయిపోయాక చెబుదాంలే అనుకున్నాను. అయిపోయింది. పర్మిట్ వచ్చింది. పరీక్షల తరవాత చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా ఓమా ఇంటినిండా చీటీలు అంటించడం మొదలుపెట్టింది. పొయ్యి ఆపానా, తలుపు వేశానా, మాత్ర మింగానా. ఏ రోజూ పొయ్యి ఆపడం మర్చిపోయింది లేదు. అయినా పడుకునే ముందు ఆరుసార్లు చూసుకునేది. మార్చిలో హైమ్‌లో చోటు ఖాళీ అవగానే వెళ్లిపోయింది, ఏప్రిల్‌లో ఇల్లు అమ్మేశారు. వెళ్లే రోజున నా చేతులు పట్టుకుని, ఆ రోజు నిన్ను పంపించేసి తప్పు చేశాను, నువ్వయితే మర్చిపోయేదానివి కాదు, అంది.

మొన్న నవంబరులో పని మీద అటువైపు వెళ్లి హైమ్‌లో ఓమాను చూశాను. ఎనభై నాలుగేళ్లు. నా పుట్టినరోజు గుర్తుంది, నేను చేసే ఉప్మాలో ఏమేం వేస్తానో గుర్తుంది, మా తమ్ముడి పేరు గుర్తుంది. డాక్టర్లు మూడుసార్లు పరీక్షలు చేశారట, బుర్ర నిక్షేపంగా ఉందన్నారట. ఓమా నమ్మలేదు. వాళ్లకేం తెలుసు, ఆ రోజు నా చేతిలో రగ్గు పెడితే నాకు గుర్తేలేదు, అంటుందట.

అదే సమయానికి బిర్గిట్ తన మనవరాలితో వచ్చింది. నాలుగు నెలల పసిగుడ్డు. కారులోంచి సంచీ తెచ్చుకోవాలి, ఒక్క నిమిషం పట్టుకోమ్మా అని పాపను ఓమాకు అందించబోయింది. ఓమా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. వద్దు, నా చేతికివ్వొద్దు, అంది. ఆ పాపను ఇంతవరకూ ఎత్తుకోలేదట. బిర్గిట్ నిట్టూర్చి పాపను నాకందించింది. నేను పట్టుకున్నాను. అదే గదిలో, ఓమా ఎదురుగా, నేను పట్టుకున్నాను.

గుర్రాన్ని చంపింది నా నిర్లక్ష్యం. దాన్నైనా ఏదో ఒక రోజు నేను మింగగలనేమో. కాని ఆ చేతులు వీపు వెనక్కి వెళ్లడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఒక మనిషి మీద ఆ మనిషికే నమ్మకం లేకుండా చేశాను, చూస్తూ చూస్తూ, ఒక అడ్రస్ కోసం.

నిన్న ఆదివారం రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి ఓమాకు, ఒకటి బిర్గిట్‌కు. మొదట నాలుగు పేజీలు వచ్చాయి. స్లాట్లు, పర్మిట్, భయం, అప్పటి నా ఇరవై మూడేళ్ల వయసు. చించేశాను. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి, బిర్గిట్‌కు రాసినదాంట్లో మాత్రం మీరు అన్నచోట మీ అమ్మ అని. మోరిట్జ్‌కు రగ్గు వెయ్యనిది నేను. దాన్ని మీ చేతికివ్వలేదు. మీరేమీ మర్చిపోలేదు.

మూడో వాక్యం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అది చదివాక ఓమా ఏం చేస్తుందో నాకు తెలియదు. క్షమిస్తుందని ఆశ లేదు, అడగనూ లేదు. ఇల్లు తిరిగి రాదు, ఆరేళ్లు తిరిగి రావు. ఇంతా రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆడాలో వద్దో తెలియదు గాని, ఆడుతోంది.

ఇక్కడ నా పేరు రాయలేదు. ఆ కవర్ల వెనక మాత్రం రాశాను. పేరు, వీధి, ఇంటి నంబరు, పిన్ కోడ్, అన్నీ, తడబడకుండా చదవగలిగేలా పెద్ద అక్షరాలతో. పొద్దున ఆఫీసుకు వెళ్తూ వాటిని పోస్టు డబ్బాలో వేశాను.