ఆమెన్ అని రాసుకున్నాడు

పొద్దున కానాగంత చేపలు తోముతుంటే ఫోను మోగింది. చేతినిండా పొలుసు, మోచేత్తో నొక్కాను. "అక్కా, బాగుండావా? మోకాళ్ల నొప్పులు ఎట్టుండాయి?" అని ఎవరో పెద్దమనిషి గొంతు. ఎంత ఆప్యాయంగా అడిగాడంటే, "ఏం చెప్పేది నాయనా, మెట్టెక్కలేకుండా ఉండా" అని జవాబు కూడా చెప్పాను. ఆ గొంతు నా మాట వినకుండానే పంచాయతీ ఎన్నికల్లోకి వెళ్లిపోయింది. అది మనిషి కాదు. పేరూ బాధా ఎక్కిస్తే నాయకుడి గొంతుతో మాట్లాడే మిషను. నా మోకాళ్ల సంగతి దాని కడుపులోకి ఎట్లా పోయిందో నాకు తెలుసు. పోయిన ఓట్లప్పుడు నేనే చెప్పాను. చేపలు అట్లాగే వదిలేసి కత్తిపీట మీద కూర్చుని చాలాసేపు తిట్టాను. పిల్లి తప్ప వినేవాళ్లెవరూ లేరు, అదీ చేపల కోసమే విన్నది.

మాది వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. నాట్లకీ కోతలకీ పోయే ఆడవాళ్లం, శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఒకరి వసారాలో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. పాటలు రెండే, వాక్యం కొంచెమే, అసలు కూటమంతా మనవుల దగ్గరే. ఒకామెకి పింఛను ఆగింది, ఒకామె బోరులో ఉప్పునీళ్లు పడ్డాయి, ఒకామె మొగుడు మళ్లీ తాగుతున్నాడు. నేను అయిదో తరగతి దాటలేదు గానీ చెవిన పడ్డ మనవి మరిచిపోను. అందుకని చివర్న ఇంటింటి బాధా వరసపెట్టి దేవుడికి చెప్పే పని నాకిచ్చారు. ఒకసారి ఒకామె గేదె ఈనిందని నాకెవరూ చెప్పలేదు. దూడ వసారా ముందే గంతులేస్తుంటే నేను దాని తల్లి సుఖప్రసవం కోసం ప్రార్థిస్తున్నాను. అందరూ ఆమెన్ అన్నారు, ఎవరూ కళ్లు తెరవలేదు మరి. మా కూటంలో ఒకరి మనవి ఇంకొకరి చెవిన వెయ్యడం తప్పు కాదు. ఎంతమంది మోకరిస్తే అంత బలం అనుకుంటాం. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మా తమ్ముడి కొడుకు నెల్లూరులో ఒక నాయకుడి ఆఫీసులో పనిచేసేవాడు. ముప్పై దాటినవాడు, పెళ్లయినవాడు, మాట తేనె. ఎవరికి వెయ్యాలో తేల్చుకోని ఇళ్లకి ఏం చెప్పి ఒప్పించాలో రాయడం వాడి పని. వాళ్లని గోడమీద పిల్లులు అనేవాడు. ఓట్లకి నెల ముందు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చి, నా పులుసు తింటూ ఆ పని విడమరిచి చెప్పాడు. "అందరికీ ఒకే మాట చెప్తే ఎవురూ వినరత్తా. ఎవురికి యాడ నొప్పో ఆడ చెయ్యి పెట్టాల." మంచి మాటే అనిపించింది. నేనూ అదే కదా చేసేది, ప్రతి శుక్రవారం. ఏ ఇంట్లో ఏం బాధో అడిగాడు, చెప్పాను. బోరు చెప్పాను, పింఛను చెప్పాను, నా మోకాళ్లూ చెప్పాను. నాయకుడి చెవిన పడితే నలుగురికి మేలు కదా.

తర్వాత మా వదిన ఇల్లు వచ్చింది. మా పెద్దన్న భార్య, పక్క ఇల్లే. ఆమెకి రొమ్ములో గడ్డ లేచింది. ఆ సంగతి కూటంలో కూడా చెప్పలేదు, నాకొక్కదానికే చెప్పింది. కూతురు పురిటికి వచ్చి ఉంది, తొమ్మిదో నెల. "బిడ్డ పురుడు పోసుకున్నాక నేనే అందరికీ చెప్తా, అందాకా నీ కడుపులో పెట్టుకోవే" అంది. పదిరోజులు పెట్టుకున్నాను. ఆ బరువు మొయ్యలేక, "ప్రార్థన చేసుకో నాయనా, ఎవురికీ చెప్పబాక" అని వీడికి చెప్పాను. వాడు కళ్లు మూసుకున్నాడు, ఆమెన్ అన్నాడు. కళ్లు తెరిచి లాప్‌టాప్‌లో టకటకా కొట్టుకున్నాడు. ప్రార్థన రాసుకుంటున్నాడేమో అనుకున్నాను, అంత తెలివి నాది.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం వదిన వాళ్లింట్లో అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు ఆమె ఫోను మోగింది. నేను గడపలో కూర్చుని ఉన్నాను. చేతులు ఎంగిలని మా అన్న కొడుకు స్పీకరులో పెట్టాడు. "అమ్మా, నీ రొమ్ములో గడ్డ సంగతి తెలిసి నా మనసు కలతపడింది. నన్ను గెలిపించు, నీ ఆపరేషను నేను చూసుకుంటాను." మా అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కూతురు కడుపు పట్టుకుని గోడకి జారగిలబడింది. వదిన ఫోను వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ తర్వాత, "కూడు చల్లారిపోతాంది, తినండి" అంది, అంతే.

మర్నాడు మా తమ్ముడి కొడుకు ఇంకో నాలుగిళ్ల సంగతి కోసం వచ్చాడు. వచ్చినవాడికి వడ్డించాను. అప్పుడడిగాను.

"ఎవురినడిగి పెట్టినావురా అది?"

"నువ్వే కదత్తా చెప్పినావు."

"నేను ప్రార్థనకి చెప్పినా."

"నేనూ మంచికే పెట్టినా. ఇప్పుడు ఆస్పత్రికి తీసకపోతారు. మనిషీ దక్కుతాది, ఓటూ పడతాది. ఇందులో తప్పేందో చెప్పు."

వాడి ముందున్న పళ్లెం లాగేశాను. తినే మనిషి ముందు పళ్లెం తీయడం నా జన్మలో అదే మొదలు, అందుకు ఈరోజుకీ చింత లేదు.

వాడన్నట్టే అయింది, అదే నా మంట. బిడ్డ పుట్టాడు, వదినకి నెల్లూరులో ఆపరేషను అయింది, మనిషి దక్కింది. మా అన్న ఆ నాయకుడికే వేశాడు. ఊరంతా ఆ ఫోను దేవుడి పిలుపన్నట్టు చెప్పుకుంది. "చూసినావా అత్తా, మెసేజ్ పనిచేసింది" అని వాడు ఇప్పటికీ అంటాడు. తన రోగం తన నోటితో తన బిడ్డకి చెప్పుకునే హక్కు ఒకామెకి ఉండిందని వాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. వాడిని అంటున్నాను గానీ, నా నోరు మాత్రం?

వదిన నాతో మాట్లాడుతుంది, కూర పంపుతుంది. కానీ మొన్న శుక్రవారం కూడా మనవులేమన్నా ఉన్నాయా అని అడిగితే, "దేవుడికి తెలుసులే" అంది, ఎప్పటిలాగే. నాకు చెప్పింది ఎక్కడికి పోతుందో తెలిసినాక మిగతావాళ్లూ చాప పోగులు గిల్లుతూ కూర్చున్నారు. గంటసేపు పట్టే మనవులు గుక్కెడు టీ తాగేలోపు అయిపోతున్నాయి. ఓట్లు మళ్లీ వచ్చాయి, ఆ గొంతు మళ్లీ వచ్చింది, నా మోకాళ్లని కూడా మరిచిపోకుండా వచ్చింది. మా పాత శుక్రవారం మాత్రం, ఇన్నేళ్లయినా, ఇంకా రాలేదు.