వాసన రాని గుంత

హోసూరు మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలు, వాడిన పూలదండలు మా గ్యాస్ ప్లాంటుకే వచ్చేవి. అక్కడ నేను సూపర్‌వైజర్ని. వచ్చినదాన్ని రుబ్బి, నీళ్లు కలిపి లోతైన గుంతలోకి వదులుతాం. అక్కడినుంచి పంపు దాన్ని మూసిన ట్యాంకులోకి తోస్తుంది. అందులో కుళ్లి గ్యాస్ అవుతుంది.

ఆయుధపూజ మరునాడు దండల దారాలు చుట్టుకుని పంపు ఆగిపోయింది. గేటు దగ్గర రెండు లారీలు హారన్ కొడుతున్నాయి. మా దగ్గర పనిచేసే కెలమంగలం ఊరి ఆయన, నాకంటే పదేళ్లు పెద్ద, కొడవలి పట్టుకుని గుంత మూత తీశాడు.

"వాసనే రాలేదు కదప్పా. దిగి కోసేసి వచ్చేస్తా. ఒక నిమిషం పని."

గాలి తోడే ఫ్యాను రిపేరుకు పోయింది. కుళ్లినచోట పుట్టే విషవాయువు ఎక్కువైతే ముందు ముక్కే పనిచేయడం మానేస్తుందని నాకు శిక్షణలో చెప్పారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను లారీల వైపు చూస్తూ తలూపాను.

నిచ్చెన నాలుగో మెట్టు దగ్గర ఆయన చెయ్యి జారింది. అరవనైనా లేదు. నేను దిగబోతే ఇంకో పనివాడు వెనకనుంచి చొక్కా పట్టి లాగేశాడు. ఫైర్ సర్వీసువాళ్లు ఆయన్ని పైకి తెచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆస్పత్రి వరండాలో ఆయన భార్య నన్ను అడిగింది. "ఆడ దిగొద్దని ఒకరన్నా చెప్పలేదా అప్పా?"

"నేను చెప్పినానమ్మా. వినలేదు," అన్నాను.

"ఆయప్ప ఎవురి మాటా వినడు," అని తిరిగి నన్నే ఓదార్చింది.

కొన్ని నెలలకు ఆమె మా యార్డులోనే ఎరువు కుప్పలు తిరగేసే పనికి చేరింది. చలికాలం పొద్దున్నే కుప్ప కదిలిస్తే లేచే ఆవిరిలో ఆమె కనిపించేది కాదు, పార చప్పుడు మాత్రం వినిపించేది. సెలవురోజు ఇంట్లో కూర్చున్నా అదే చప్పుడు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి చెప్పేది: "ఈయప్ప వద్దనే చెప్పినాడు. మా ఆయనే వినలేదు."

ఏడాది తర్వాత ఒక పొద్దున ఇక ఓర్చుకోలేక ఆమె దగ్గరికి పోయాను.

"నేను వద్దనలేదమ్మా. తలూపినాను."

పార ఆగలేదు. "తెలుసు. నీ చొక్కా పట్టి లాగినాయన ఆ పొద్దే చెప్పినాడు."

"మరి అందరికీ అట్లా ఎందుకు చెప్తా ఉండావు?"

"నువ్వు వింటా ఉండావని."

ఇప్పుడు గుంతలోకి ఎవరూ దిగరు. పంపునే గొలుసుతో పైకి లాగుతాం. కొత్తవాళ్లు చేరినప్పుడు ఆయన సంగతి నేనే చెబుతాను, ఉన్నది ఉన్నట్టు. అప్పుడు కుప్పల వైపు పార చప్పుడు ఆగిపోతుంది. నేను ముగించేదాకా మళ్లీ మొదలవదు.