వాకిలికి అడ్డంగా జీపు

జీపు మా ఇంటికి తనంతట తాను నడిచి రాలేదు. ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక రైతు దగ్గర కొని, ట్రాక్టరుకి తాడు కట్టించి లాక్కొచ్చారు మావారు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పోర్టికోలో అది, దాని చుట్టూ వీధిలోవాళ్లు, మధ్యలో చొక్కా నిండా మట్టితో ఆయన.

"మామూలు బళ్లకి రెండు చక్రాలే లాగుతాయి. దీనికి నాలుగూ లాగుతాయి, తెలుసా? మారేడుమిల్లి ఘాటీ ఎక్కుదాం ఇద్దరం," అన్నారు.

నాకు మాత్రం తుప్పే కనిపించింది. ఉప్పునీరు అడుగురేకుని తినేసి, డ్రైవరు సీటు కింద నుంచి మా పోర్టికో గచ్చు కనబడుతోంది. ఆయన కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. మాకు పిల్లల్లేరు. ఆయన ఇన్నేళ్లలో తనకోసం అడిగి కొనుక్కున్నది ఆ ఒక్కటే. ఏమనను?

రెండు నెలల్లో దాన్ని పూర్తిగా విప్పేశారు. చక్రాలు తీసేసి ఇటుకల మీద నిలబెట్టారు. ఇంజను ఒక మూల, గేరుబాక్సు ఒక మూల. ప్రతి నట్టూ ఒక సీసాలో, సీసా మీద కాగితం ముక్క. జీపు పొడుగ్గా గోడ వెంబడి ఉండడంతో వీధి తలుపు తీస్తే ఎదురుగా దాని పక్కరేకే. మధ్యలో జానెడు సందు. "నెల్లాళ్లు వంటింటి గుమ్మంలోంచి తిరుగుదాం," అన్నారు. సరేనన్నాను.

ఆ నెల పూర్తికాలేదు. ఒక ఉదయం చేతిలోంచి స్పానరు జారిపోయింది. వంగి తీసుకోబోయి, అలాగే పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కాకినాడ ఆస్పత్రిలో మూడు వారాలున్నాం. తిరిగొచ్చిన రోజు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పెరటి వైపు నుంచి, అంట్ల గోలెం పక్క నుంచి మోసుకొచ్చారు. వంటింటి గుమ్మంలో కుర్చీ పట్టలేదు. పక్కకి వంచి దూర్చారు. తన ఇంట్లోకి అలా వచ్చినందుకు ఆయన కళ్లు మూసుకున్నారు.

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట వచ్చేది గానీ, అనుకున్న మాట రాదు. నీళ్లు కావాలంటే 'పుస్తకం' అంటారు. మంచం మాత్రం ముందుగదిలో కిటికీ దగ్గర వేయించుకున్నారు. అక్కణ్నుంచి జీపు కనబడుతుంది.

పగలు ఆయన అక్కగారు వచ్చి చూసుకునేవారు. సరిగ్గా ఐదింటికి ఆవిడ వెళ్లిపోవాలి. నాలుగున్నరకి బడి వదిలితే నేను ఎక్కడా ఆగకుండా ఇంటికి రావాలి. బడి, ఇల్లు, మళ్లీ బడి. ఆ దారిలో ఏ గోడ మీద ఏ పెచ్చు ఊడిందో కూడా నాకు తెలిసిపోయింది.

ఆరు నెలలు చూసి, ఒక శనివారం పాత ఇనప సామాన్లు కొనే అతన్ని పిలిచాను. అతను అడుగు చట్రం, అదే ఛాసిస్ మీద చెయ్యి వేశాడో లేదో, కిటికీలోంచి కేక వినిపించింది. ఆయనే. "అమ్మ! అమ్మ! అమ్మ!" అంటున్నారు. అమ్మొద్దు అనాలని. ఆ రెండో సగం రావడం లేదు. ఎడం చేత్తో కిటికీ ఊచని పట్టుకుని ఊపేస్తున్నారు. మొహమంతా తడి.

"అమ్మగారూ, నేను మళ్లీ వత్తానండి," అని అతను సైకిలెక్కేశాడు.

ఆ రోజు అన్నం కలిపి ముద్దలు పెట్టాను. జాలితో కాదు, కోపంతో. పడుకున్న మనిషి మీద కోపం చూపించడానికి ఉండదు. జీపుని తీయనివ్వరు. బాగుచేయలేరు. అది కదిలితే తప్ప నా వాకిలి నాకు రాదు.

రాజోలులో ఒక పాత మేస్త్రీగారున్నారని తెలిసి వెళ్లాను. డెబ్భై దాటినాయన. ఒకప్పుడు చేసిందంతా జీపుల పనే.

"చెయ్యి వణుకుతుందండి మేడంగారూ. నట్లు బిగించలేను. మీరు బిగిత్తానంటే చెప్పి చేయిత్తాను. ఆదివారం వత్తాను," అన్నారు.

"నేనా?"

"ఆయ్. మీరే. ఇంకెవరున్నారండి?"

ఆదివారాలు ప్రార్థనకి వెళ్లడం మానేశాను. ఒకసారి మా పాస్టరుగారి భార్య దారిలో ఆపి, "మూడు వారాల్నించీ కనబడట్లేదేంటండి టీచరుగారూ? ఒంట్లో బాగుంటోందా?" అని అడిగారు. "బండి పనుందండి," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నేను చెప్పనూ లేదు.

మేస్త్రీగారు స్టూలు మీద కూర్చుని చెప్పేవారు. నేను జీపు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని చేసేదాన్ని. కిటికీలోంచి మావారు "గరిటె! గరిటె!" అని అరిచేవారు. తప్పు చేస్తున్నానని అర్థం. ఎక్కువసార్లు నిజంగానే తప్పు చేసేదాన్ని. ఛాసిస్ మొహం మీదకి జానెడు ఎత్తులో ఉండేది. తుప్పు కళ్లలో రాలేది. కింద ఉన్నంతసేపూ ఇటుకలు జారితే ఎలా అనే ఆలోచనే. ఒక్కోసారి జారితే మాత్రం ఏమవుతుందిలే అనిపించేది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అడుగురేకు కొత్తది వెల్డింగు చేయించి, ఇంజను ఎక్కించి, సీట్లు పెట్టేసరికి వరదొచ్చింది. మాది ఏటిగట్టుకి లోపల, గోదావరి వైపు వీధి. పెరడు పల్లం, అక్కడ నడుంలోతు నీళ్లు. వీధిలో మోకాలి లోతు. రెండో రోజు ఆయనకి జ్వరం కాసింది. మధ్యాహ్నానికి మనిషి కాలిపోతున్నారు. పక్కింటివాళ్లు ట్రాక్టరు తెచ్చారు. వంటింటి వైపు నుంచి తీసుకెళ్లే వీల్లేదు. వీధి తలుపు తీశాం. ఎదురుగా జీపు.

"దీంట్లోంచే దాటించేద్దామండి. ఇటు ఎక్కించి అటు దింపేద్దాం," అన్నాడు పక్కింటాయన.

ఇద్దరు ఎత్తి ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు, అటు తిరిగి వెళ్లి దింపుకుందామని. అంతే. ఆయన ఎడం చేత్తో స్టీరింగు పట్టుకున్నారు. వదలరు. కింద నీళ్లు, పైన వాన, నిప్పులా ఒళ్లు. కళ్లు ఎదురుగా వానలోకి పెట్టి, ఎక్కడికో బయల్దేరిన మనిషిలా కూర్చున్నారు.

"వదలండీ," అన్నాను. తర్వాత అరిచాను. తర్వాత వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని విప్పాను. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన మీద నేను చూపించిన బలం అదొక్కటే. ఆయన చిటికెనవేలు వాచింది. తగ్గేదాకా, మందు ఇచ్చిన ప్రతిసారీ ఆ వేలు చూసుకునేదాన్ని.

జ్వరం తగ్గి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. ఆ చలికాలంలో జీపు స్టార్టయింది. పోర్టికో అంతా నల్లటి పొగ. మేస్త్రీగారు ఏడ్చారు. మావారు నవ్వారు. బండి పక్కకి జరగ్గానే నేను ముందు వీధి గుమ్మం కడిగాను.

మేస్త్రీగారి దగ్గర నేర్చుకుని, మొదటిసారి బయటికి నేనే నడిపాను. ఆయన్ని పక్క సీట్లో తువ్వాలుతో కట్టి కూర్చోబెట్టాం. గట్టెక్కి కాలవ లాకులదాకా వెళ్లేసరికి "చాలు," అన్నారు. సరైన మాటే వచ్చింది. కుదుపులకి నడుం తట్టుకోలేకపోయింది. మారేడుమిల్లి సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక పోర్టికోలో పాతచోటే పెట్టమని చెయ్యి చూపించారు. నేను కొబ్బరిచెట్ల కింద పెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మార్చిలో ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. ఆ రోజు స్కూలుకి జీపులోనే వెళ్లాను. పన్నెండున్నరకి వదిలారు. వదినగారు ఎలాగూ ఐదింటిదాకా ఉంటారు. నేను ఇంటివైపు తిప్పలేదు. దిండి దాటి, వంతెన ఎక్కి, వశిష్ఠ గోదావరి మధ్యలో ఆపాను. అవతల పశ్చిమగోదావరి. నేను ఎక్కడున్నానో ఆ క్షణంలో భూమ్మీద ఎవరికీ తెలియదు. డీజిలు నిండా ఉంది. ఎవరో లారీ డ్రైవరు "ఏమైందండి, ఆగిపోయిందా?" అని అడిగాడు.

"లేదండి. నేనే ఆపేను," అన్నాను.

రెండింటికి ఆయనకి మాత్ర వేయాలి. రోజూ విడిగా తీసి పెట్టి వెళ్లేదాన్ని, ఒంటిపూటే కదా అని ఆ రోజు పెట్టలేదు. వదినగారికి ఆ మాత్రలు ఏవేవో తెలియదు. అవతలి ఒడ్డుకి దిగి, అక్కడ రోడ్డు మీద బండి వెనక్కి తిప్పాను. ఆ స్టీరింగు రాయిలా ఉంటుంది. ముందుకీ వెనక్కీ మూడుసార్లు పోనిస్తే గానీ తిరగలేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని మాత్ర తెచ్చాను. ఆయన నా మొహంలోకి చూశారు.

"ఎంత దూరం?" అన్నారు.

"వంతెన దాటేనండి," అన్నాను.

తల ఊపి, మాత్రకోసం నోరు తెరిచారు.