జి డ్రైవు వెనక పాట

సద్దుల బతుకమ్మ రోజు మా షాపులో ఊపిరాడదు. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే షాపు మాది. మాది అంటే మా యజమానిది, నేను డిజైన్లు చేసేదాన్ని. ఆ పొద్దున కొత్త కంప్యూటర్ వచ్చిన సంబరం కూడా తోడైంది. దాన్ని ప్రింటింగ్ మెషిన్ పక్కన పెట్టి, అందులోని ఫైళ్లు నా కంప్యూటర్లోనూ కనబడేలా నెట్‌వర్క్ డ్రైవు కలపాలి. దానికో ఇంగ్లిష్ అక్షరం ఇవ్వాలి. జెడ్ ఇస్తానన్నాను.

"శుభమా అని కొత్తది తెస్తే ఆఖరి అక్షరం పెడ్తవా?" అంటూ యజమాని పంతులుకు ఫోన్ చేశాడు. యజమానిది ధనిష్ఠ నక్షత్రం, గ అక్షరం కలిసొస్తుందని జవాబొచ్చింది. గ అంటే ఇంగ్లిష్‌లో జి, అదే పెట్టాను. నవ్వొచ్చినా నోరు మూసుకున్నాను. అది నాకు అరుదు.

మధ్యాహ్నం నారాయణరావుపేట నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురు కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టింది.

"అక్కా, గిండ్ల మా అవ్వ పాట ఉన్నది. పోయినేడు ఫోన్ల రికార్డు చేసిన. ఆ ఫోన్ పలిగిపోయింది, గిదొక్కటే మిగిలింది. జర సాఫు చేసియ్యరాదె, పొద్దూకినంక మా వాడకట్టోళ్లం స్పీకర్ల పెట్టుకొని ఆడుతం."

అవ్వ అంటే పక్కనున్న ఆ తల్లే. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాట పోయిందని కూడా కూతురే చెప్పింది. తల్లి మెడకు తువ్వాల చుట్టుకొని, స్టూలు మీద కూర్చుని నా చేతులనే చూస్తోంది.

పెన్‌డ్రైవు పెట్టాను. నా కంప్యూటర్లో పెన్‌డ్రైవులు ఎప్పుడూ జి లోనే తెరుచుకుంటాయి. అలవాటుగా అదే తెరిచాను. పెళ్లి ఫ్లెక్సీలు, గృహప్రవేశాలు, ఎవరిదో పుట్టినరోజు. పాట లేదు.

"ఇవి మాయి కావక్కా!" కూతురి ముఖం పాలిపోయింది. "మా అవ్వ పాట ఏడవోయింది?"

"వైరస్ తిన్నట్టున్నది. ఫార్మాట్ కొట్టి ఇచ్చెయ్," అన్నాడు యజమాని.

ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచెయ్యడం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు గమ్మునుండన్నా!" అన్నాను. జీతమిచ్చే మనిషిని అలా అనకూడదు, అనేశాను.

పెన్‌డ్రైవు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. పెట్టగానే టుంగుమన్న చప్పుడూ విన్నాను. అంటే చావలేదు. మరి ఈ ఫ్లెక్సీలు? ఒక్కసారి కళ్లు నులుముకొని చూశాను. అవి నేను చేసినవే, పొద్దున కొత్త కంప్యూటర్లో వేసినవి! నేను చూస్తున్నది పంతులు అక్షరం పెట్టిన నెట్‌వర్క్ డ్రైవును. పెన్‌డ్రైవూ అదే అక్షరం మీదకు వచ్చింది. కర్చీఫ్ వేసి ఆపిన బస్సు సీటే అది. ముందొచ్చినవాడు కూర్చున్నాడు, రెండోవాడు మనకు కనబడకుండా వెనక నిలబడ్డాడు.

"దొరికింది!" అని అరిచాను. ఇంకా దొరకనే లేదు, ఆగలేకపోయాను.

కంప్యూటర్లో డిస్కులన్నీ చూపించే విండో తెరిస్తే అక్కడుంది పెన్‌డ్రైవు, నిక్షేపంగా. దాని అక్షరం మార్చబోతుంటే యజమాని అడ్డొచ్చాడు.

"జి జోలికి పోకు!"

"పోనన్నా. పెన్‌డ్రైవుకే వేరేది ఇస్త."

"మరి పెద్దమ్మది ఏం నక్షత్రం?"

నిజంగానే అడిగాడు. తల్లి చప్పుడు లేకుండా భుజాలు ఊగేలా నవ్వింది. చేతికందిన ఎం అక్షరం నొక్కాను.

తెరుచుకుంది! ఒకే ఒక్క ఫైలు. స్పీకర్ పెంచాను.

ఏం గొంతు అది! ఫ్లెక్సీలకు వచ్చినవాళ్లు కూడా స్పీకర్ దగ్గరికి జరిగారు. కల్లు గీయను తాటిచెట్లెక్కే మొగుణ్ని, నాట్లేసే అమ్మలక్కలను ఆటపట్టిస్తూ ఆమె సొంతంగా కట్టుకున్న పాట. తల్లి చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి.

నడుమ ఒకచోట దగ్గు వచ్చి ఒక చరణం మింగేసింది. అది కత్తిరించబోయాను. తల్లి నా చెయ్యి పట్టుకుంది, మళ్లీ మొదటి నుంచి పెట్టమని సైగ చేసింది. దగ్గు దగ్గరికి రాగానే కూతురి వైపు చూసింది. కూతురు తడబడుతూ ఆ చరణం అందుకుంది. మొదట గొంతు వణికింది, తర్వాత షాపు దాటి రోడ్డు మీదికి వినబడింది.

పాట అయిపోయింది. తల్లి తానే చెయ్యి చాచి పెన్‌డ్రైవు పీకి రొంటిన దోపుకుంది. స్పీకర్ను చూపి వద్దన్నట్టు చెయ్యి ఊపి, కూతురి గొంతు మీద వేలు పెట్టింది.

"గింత తిప్పలవడి తీస్తిమి గదమ్మా!" యజమాని లబలబలాడాడు. నాకైతే లేచి గంతెయ్యాలనిపించింది.

"నేను పాడాల్నా? నాకు సగమే వస్తది గదనే అవ్వా!" కూతురు ఏడుపూ నవ్వూ కలిపి అంది.

తల్లి రొంటిన ఉన్న పెన్‌డ్రైవును తట్టి చూపించింది, మిగిలిన సగం ఇందులో ఉంది, నేర్చుకొమ్మని.