అత్తగారి కొమ్ము

ఎలుకల మందు ప్రకటన కనిపిస్తే చాలు, మా మామగారికి కడుపులో తిప్పేది. మందును చూసి కాదు, దాని మీది అక్షరాలను చూసి. నడుస్తున్నవారు ఠక్కున ఆగి, కాండ్రించి ఉమ్మేవారు. పక్కన నడిచే కోడలిని నేను, నాకు తల కొట్టేసినట్టుండేది. సంగతి తెలిశాక నాకూ అదే రోగం అంటుకుంది.

ఆయన బోర్డులు రాసే మనిషి. అందరూ కొమ్ముల మేస్త్రి అనేవారు. ఆ పేరు తెచ్చింది మాత్రం ఒకే ఒక్క బోర్డు. మా అత్తగారి కుట్టు దుకాణం షట్టరుకు పైన, గోడ మీదే రాసిన "ఇచ్చట దుస్తులు కుట్టబడును". బొద్దు అక్షరాలు. గీత బొటనవేలంత లావు, మలుపు తిరిగేచోట దారప్పోగంత సన్నం. ప్రతి అక్షరం చివరా చిన్న పీట, దాని మీద కాలు మోపి దర్జాగా నిలబడ్డట్టు. అంచులకు తీగల మెలికలు. వీధి అవతలి నుంచి చూస్తేనే దాని అందం. చిన్నగా రాస్తే సన్న గీతలు మాయమై ముద్దలు మిగులుతాయి. ఒక గుమ్మం మీద ఒక్క మాట రాయడానికి పనికొచ్చే రాత అది.

ఆఖరి అక్షరానికి కొమ్ము గీస్తుండగా, కింద నిచ్చెన పట్టుకున్న అత్తగారు గిరాకీ కనబడగానే "రండి, రండి" అంటూ చేతులు వదిలేశారట. నిచ్చెన కదిలింది. కుంచె జారి, కొమ్ము కిందికి దిగి, గిర్రున వెనక్కి తిరిగి, చివర ఒక బొట్టుతో ఆగింది. మామగారు మండిపడి తుడవబోయారు.

"బోర్డంతా మీరు రాశారు. ఆ ఒక్కటీ నేను రాశాను. ముట్టుకున్నారో, ఊరుకోను," అన్నారట ఆవిడ.

మిగతా కొమ్ములన్నీ బుద్ధిగా ఉండేవి. అదొక్కటే అల్లరిది. ఆవిడ పోయాక మిషను నా చేతికొచ్చింది. మామగారు మాత్రం పొద్దున్నే షట్టరు తీసే వంకతో ఆ కొమ్ము కేసి ఓసారి చూసుకోకుండా లోపలికి వచ్చేవారు కాదు.

ఇంతలో ఎవడో మహానుభావుడు ఆ బోర్డును ఫోటో తీసి కంప్యూటర్ ఫాంటు చేశాడు. ఆ వంకర కొమ్ము ముచ్చటేసిందేమో, అన్ని కొమ్ములకూ దాన్నే తగిలించాడు. ఇక చూడాలి మా ఊరి ఖర్మ! ఎలుకల మందు మీద అదే. మురుగు లాగే లారీ మీద అదే. మొలలకు వైద్యం చేస్తామనే కరపత్రం నిండా, చీమలు పాకినట్టు అదే. వీధి చివర మరుగుదొడ్డి మీద, ఈగల మధ్య, నిలువెత్తున అదే. ఆవిడ చేతి పొరపాటును పట్టుకెళ్లి కంపులో ముంచారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకరోజు బిల్డింగ్ ఓనరు వచ్చాడు. ముందువైపు గోడంతా చెక్కించి కొత్త పలకలు వేయిస్తాడట, దుకాణాలన్నిటికీ ఒకే రకం బోర్డులట.

"గోడ మీద రాత మరి?" అన్నారు మామగారు.

"బెంగపడకండి మేస్త్రిగారూ. అందరికీ ఆ కొమ్ముల ఫాంటే పెట్టిస్తున్నా. అచ్చం మీదాని లాగే ఉంటుంది, ఇంకా శుభ్రంగా!"

మామగారి ముఖం కుళ్లిన గుడ్డు వాసన చూసినట్టయింది. బతిమాలారు, తిట్టారు కూడా. గోడ ఓనరుది, మనం చేయగలిగిందేముంది?

"పోనీ ఫోటో తీసి పెడతాను నాన్నా," అన్నాడు మా ఆయన.

"ఫోటోతోనే కదరా ఈ దరిద్రం మొదలైంది!"

పనివాళ్లు వచ్చి సుత్తులతో గోడ చెక్కేశారు. రంగు పెచ్చులను చెత్తతో పాటు బస్తాలకెత్తారు. సాయంత్రం మామగారు లోపలి గోడకు నిచ్చెన ఆనించి, కుంచె పట్టుకుని ఎక్కారు.

"అమ్మాయ్, నేను కొమ్ము దగ్గరికి రాగానే నిచ్చెన వదిలెయ్."

"పడిపోతారు మామయ్యగారూ!"

"పడను. వదులు."

వదిలాను. నిచ్చెన కదిలింది, కుంచె జారింది. ఆయన చూసి తల అడ్డంగా ఊపి, గుడ్డతో తుడిచేశారు. మళ్లీ రాశారు, మళ్లీ వదిలాను. ఒకసారి గీత పక్కకు పోయింది, ఇంకోసారి బొట్టు పడలేదు. చివరికి దిగి కుంచె కడిగేసుకున్నారు.

"మీ అత్త ఉందే, దాని చెయ్యి వేరు," అన్నారు.

తర్వాత రోజుల్లో ఆయన మధ్యాహ్నం పూట ఎక్కడికో మాయమవడం మొదలుపెట్టారు. అడిగితే "అలా తిరిగొస్తా" అనేవారు. ఒకనాడు దారం కొనడానికి వెళ్తూ చూశాను. వీధి చివర మరుగుదొడ్డి ముందు, జేబురుమాలు ముక్కుకు అదిమిపట్టి, పైకి చూస్తూ నిలబడ్డారు. కాళ్ల పక్కనుంచే మురికి నీళ్లు పారుతున్నాయి. లోపలికెళ్లేవాళ్లు ఆయన్ని విసుక్కుంటూ తప్పుకుపోతున్నారు.

"మామయ్యగారూ, ఇదేం ఖర్మండీ? ఇంటికి పదండి."

ఆయన కదల్లేదు. చెయ్యెత్తి బోర్డు మీద ఒక కొమ్మును చూపించారు.

"అది దానిదేనే అమ్మాయ్. బొట్టుతో సహా."

నేనూ ముక్కు మూసుకుని, ఆయన పక్కనే నిలబడి చూశాను.