అవతలి మనిషి కనిపించే ముక్క

ఆ ఇంటి అల్లుడు తినేది ఏది చేతికి దొరికినా పలచగా కోస్తాడు. పలచగా అంటే, ముక్కలోంచి అవతలి మనిషి కనిపించేంత. అతని కత్తి కింద పడ్డ పండును కన్న చెట్టు కూడా గుర్తుపట్టలేదు.

కూతురి దగ్గర ఉండిపోదామని అత్తగారు వచ్చిన మొదటిరోజే ఆవిడ ముందు పళ్లెం పెట్టాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"పండేదీ, బాబూ?"

"పళ్లెంలోనే ఉందత్తయ్యా. యాపిల్."

"ఉందంటే నమ్ముతాలే. ఆ ఫ్యాను మాత్రం ఆపు. ఎగిరిపోతుంది."

అతను నిజంగానే లేచి ఆపాడు. వేళాకోళం అతని దాకా చేరేసరికి చల్లారిపోతుంది.

"ఆయన తప్పు కాదమ్మా, ఉద్యోగం అలాంటిది" అని కూతురు వెనకేసుకొచ్చింది. ప్రయోగశాలలో ఎలుక మెదడును పలచటి ముక్కలు చేసి, గాజుపలక మీద పరిచి, రంగుమందు వేసి, మైక్రోస్కోపులో చూస్తాడట. మూర్ఛకు సంబంధించిన జీన్ ఒకటి మెదడులో ఎక్కడెక్కడ పనిచేస్తుందో అక్కడ నీలం చుక్కలు తేలతాయట.

"ఎలుక కనిపిస్తే మేం చీపురు తీసేవాళ్లం. వీళ్లు రంగులు పూస్తారు" అంది అత్తగారు.

ఆ జీన్‌లోనే మనవరాలికి తేడా ఉంది. మందులు మింగుతున్నా అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి. ఒకసారి బడిలో వచ్చింది. అప్పటినుంచీ స్నేహితురాళ్లు ఇంటి వైపు రాలేదు. పుట్టినరోజుకు మాత్రం వస్తామన్నారు.

"అమ్మమ్మా, వాళ్ల ముందు నన్ను రోగిష్టిదానిలా చూడొద్దని అందరికీ చెప్పు. అలా చూస్తే మళ్లీ రారు."

"నీ జోలికొస్తే నాలుక కోస్తా. కేకు కూడా నేనే కోస్తా, పో."

పిల్లలొచ్చారు. అత్తగారు కత్తి అందుకుని, ఇటుక లాంటి ముక్క కోసి మనవరాలి పళ్లెంలో పెట్టింది. అల్లుడు ఆ పళ్లెం తీసేసుకున్నాడు. తర్వాత కత్తీ తీసేసుకున్నాడు.

"నలుగురిలో మన పరువు కూడా పలచగా కోస్తావా బాబూ?"

"ఒక్క క్షణం అత్తయ్యా" అని ఇటుకను కాగితాలు చేసి అందరికీ పంచాడు.

ఒక పిల్ల తన ముక్కను కంటి ముందు పెట్టుకుని చూసింది. "ఏయ్, నువ్వు కనిపిస్తున్నావే!" అంది. అందరూ నవ్వారు. ఆ చొరవతోనే అడిగేసింది. "అంకుల్, దీని బుర్ర పాడైపోయిందా?"

నవ్వు ఆగిపోయింది. మనవరాలు తల వంచుకుంది. అత్తగారు నోరు తెరిచేలోపు అల్లుడు అందుకున్నాడు.

"లేదమ్మా. బుర్రలో గోల చేసే కణాలుంటాయి, 'చాల్లే, ఊరుకోండి' అని కసిరే కణాలూ ఉంటాయి. మేం చూసే జీన్ ఎక్కువగా పనిచేసేది కసిరేవాటిలో. వాటికి ఓపిక తగ్గితే మిగతావన్నీ ఒక్కసారే అరుస్తాయి. అదే ఫిట్స్. కాసేపటికి సద్దుమణుగుతుంది."

"మరి మామూలప్పుడు?"

"లెక్కలు ఎగ్గొట్టే ఉపాయాలు బ్రహ్మాండంగా వస్తాయి."

మనవరాలు తలెత్తింది. "కసిరేవంటే మా అమ్మమ్మ లాంటివా నాన్నా?"

"అచ్చం."

ఇల్లు ఘొల్లుమంది. ఎలుక బుర్రలో కూడా తనలాంటివాళ్లు లేనిదే గడవదని తెలిసి అత్తగారు కాస్త నిటారుగా కూర్చుంది. వెళ్లేటప్పుడు పిల్లలు మళ్లీ ఎప్పుడు రమ్మంటావని మనవరాలినే అడిగారు.

అయినా ఇటుక సంగతి ఆవిడ మరిచిపోలేదు. వంటింట్లో కూతురిని నిలదీసింది. "ప్రయోగశాల బుద్ధి ప్రయోగశాలలోనే వదిలి రావచ్చుగా?"

కూతురు గొంతు తగ్గించింది. "ఉద్యోగమని వంక చెప్పాను గానీ, అక్కడ కోసేది యంత్రం అమ్మా. ఆయన మీట నొక్కుతారంతే."

"మరి ఇంట్లో ఇదేం రోగం?"

"ఒకసారి తింటుండగా పిల్లకు ఫిట్స్ వచ్చి, యాపిల్ ముక్క గొంతుకు అడ్డంపడింది. దాని ఒక్కదానికే పలచగా కోస్తే చిన్నబుచ్చుకుంటుందని ఇంటిల్లిపాదికీ అలాగే కోస్తున్నారు. ఆయనకేమో లావు ముక్కలంటే ప్రాణం."

అత్తగారు కత్తి తీసుకుని వేలితో పదును చూసుకుంది.

మర్నాడు అందరూ కూర్చున్నాక ఆవిడే యాపిల్ కోసింది. నోరు బిగించి, ఊపిరి కూడా బిగబట్టి కోసి, అల్లుడి ముందు పళ్లెం పెట్టింది. అతను కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"పండేదీ, అత్తయ్యా?"

అత్తగారు లేచి వెళ్లి ఫ్యాను ఆపింది.